గోడవైపు కుట్టుమిషను

"వెనక గది కాస్త సర్దు. స్కూలు వాళ్ళు ఇవాళ్టి నుంచి పిల్లాణ్ణి పంపిస్తామన్నారు" అన్నారు మా ఆయన, ముందు గదిలోంచి తల ఒక్కటే లోపలికి పెట్టి. నేనప్పుడు బాబిన్‌కి దారం చుడుతున్నాను. సర్దడానికి ఆ గదిలో ఏముందని? కోసిన ముక్కలు ఓ మూల, కుట్టినవి ఓ మూల, మధ్యలో నేను. నన్ను నేనే ఎక్కడ సర్దుకోవాలో తెలియక, కిందపడ్డ దారపు ముక్కలు మాత్రం ఊడ్చాను.

మాది కర్టెన్ల దుకాణం. ముందు గది కొట్టు, దాని వెనక కుట్టుపని గది, ఆ వెనక ఇల్లు. ముందు గదిలో మా ఆయన, బట్టల నమూనాలు, నవ్వులు, బేరాలు. ఆయన జనం ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుచుకొస్తారు. నేను కోస్తాను, కుడతాను, రింగులు బిగిస్తాను, ఇస్త్రీ చేసి మడతపెడతాను. మధ్యమధ్య లేచి పొయ్యి మీద గిన్నె దించుతాను, అత్తయ్యకి మందులిస్తాను, వచ్చినవాళ్ళకి టీలు పంపుతాను. ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగితే ఆయన "ఇంట్లోనే ఉంటుందండీ" అంటారు. అబద్ధమని ఎలా అనను? వెనక గది ఇంట్లోనే ఉంది మరి.

ఆ ఏడు మా వీధి చివర హైస్కూలు వాళ్ళు ఓ కొత్త పద్ధతి పెట్టారు. పై తరగతి పిల్లలు వారంలో కొన్ని మధ్యాహ్నాలు చుట్టుపక్కల దుకాణాల్లో పని నేర్చుకోవాలి. కొందరు ప్రింటింగ్ ప్రెస్సుకి, కొందరు మెకానిక్ షెడ్డుకి, ఒకరు మందుల షాపుకి. ఏడాది చివర దుకాణం వాళ్ళు "ఈ పిల్లకి పని అబ్బింది" అని మాట చెబితే, స్కూలు ఆ పిల్లని పై కోర్సుకి సిఫారసు చేస్తుంది. చెప్పకపోతే అంతే సంగతులు. మా ఆయన ఒప్పుకున్నది రెండు కారణాలకి. ఒకటి, గోడకి తగిలించుకోవడానికి "శిక్షణ భాగస్వామి" అని అద్దాల ఫ్రేము ఇస్తారు. రెండోది, రాడ్లు బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి ఓ మనిషి ఊరికే దొరుకుతాడు.

వచ్చింది అమ్మాయి. సన్నగా, భుజాన తనకంటే బరువైన సంచితో గుమ్మంలో నిలబడింది. ముందు గదిలో మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"అమ్మాయివా?" అన్నారు మా ఆయన.

"అవునండీ. ఎందుకండీ?"

ఆయన ఓసారి నిచ్చెన వైపు చూశారు. "సరే, లోపల మా ఆవిడ ఉంటుంది, వెళ్ళి కూర్చో. ఏదో ఒకటి చెబుతుంది" అన్నారు. అలా ఆ పిల్ల నా దగ్గరికి చేరింది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు చక్కనిదే ఉంది గానీ, మొదటి వారం గడిచేసరికి నా మనసులో ఆమె పేరు "ఎందుకండీ" అయిపోయింది.

సూది ఇలా పెట్టాలి అంటే ఎందుకండీ. బట్ట తడిపి ఆరేశాకే కోయాలి అంటే ఎందుకండీ. అంచు వెడల్పుగా మడవాలి అంటే ఎందుకండీ. మొదట్లో చెవిలో జోరీగలా అనిపించింది. నాకు ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను, కాబట్టి ఎందుకో నాకూ తెలియదు. ఆ పిల్ల అడిగాక ఆలోచించి చెప్పేదాన్ని. చెబుతుంటే ఆశ్చర్యంగా, చాలావాటికి కారణాలు నా చేతుల్లోనే దొరికేవి. అంచు వెడల్పుగా ఉంటే బరువు కిందికి లాగుతుంది, కర్టెన్ గాలికి ఎగరకుండా నిలబడుతుంది. ఇది నాకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఇంకో సంగతి, ఆ పిల్ల నన్ను "మేడమ్" అని పిలిచేది. ఇన్నేళ్ళలో నేను కోడల్ని, వదినని, "ఇదిగో", "ఏమే" అన్నీ అయ్యాను గానీ మేడమ్‌ని ఎప్పుడూ కాలేదు. వద్దని చెబుదామనుకుంటూనే, మళ్ళీ పిలుస్తుందేమోనని చెవి ఒగ్గేదాన్ని. మా ఆయనకి అదో వేళాకోళం. "మేడమ్ గారికి తీరికైతే ఓ కప్పు టీ" అనేవారు.

ఓ రోజు అడగనే అడిగింది. "మేడమ్, మీ మిషను గోడవైపు ఎందుకండీ ఉంది? వెలుతురంతా మీ వీపు మీద పడుతోంది."

నేను కాపురానికి వచ్చేసరికే అది అలా ఉంది. కొత్తలో ఓసారి, కళ్ళు లాగుతున్నాయని ఇటు తిప్పబోయాను. మామగారు ముందు గదిలోంచి చూశారు. "తలుపు తీసిన ప్రతిసారీ వచ్చేపోయేవాళ్ళకి కోడలి మొహం కనిపిస్తే ఏం మర్యాద? ఉన్నచోట ఉండనీ" అన్నారు. మా ఆయన పక్కనే ఉండి, అప్పుడే ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కుర్చీ తీసేశాం, ఆయన చేతికర్ర ఎవరికో ఇచ్చేశాం, ఆయన మాట మాత్రం నాలుగు కాళ్ళ మీద ఆ గోడవైపు తిరిగి అలాగే ఉండిపోయింది. గోడలకు చెవులుంటాయంటారు. ఉంటే, ఆ గోడ విన్నన్ని మాటలు మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. ఎదుట మనిషి లేకపోతే మనిషి దేనితోనైనా మాట్లాడుతుంది. నేను సున్నంతో మాట్లాడాను.

ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు. "మొదట్నుంచీ అంతే" అన్నాను. ఆ పిల్ల గోడవైపు చూసింది, నావైపు చూసింది, తన పీట జరుపుకుని మిషనుకీ గోడకీ మధ్య ఉన్న ఇరుకులో, నాకు ఎదురుగా వచ్చి కూర్చుంది. అక్కడ కూర్చుంటే మోకాళ్ళు మిషనుకి కొట్టుకుంటాయి. అయినా అక్కడే కూర్చునేది. నేను తలెత్తితే ఇప్పుడు గోడ బదులు ఓ మొహం కనిపించేది. చెబితే నవ్వుతారు గానీ, ఆమె రాని మధ్యాహ్నాలు నాకు పని సాగేది కాదు.

స్కూలు వాళ్ళు పిల్లలకి ఓ ప్రశ్న ఇచ్చి పంపారట, నేర్పేవాళ్ళని అడిగి రమ్మని. ఈ పనిలో మీకేది ఇష్టం? నేను "అయిపోవడం" అన్నాను. ఆ పిల్ల నవ్వి ఊరుకోలేదు. "నిజంగా చెప్పండి" అంది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట అది. ఏది వండను, ఎప్పటికి అవుతుంది, ఎందుకు ఆలస్యమైంది, ఇవే కదా అడుగుతారు. జవాబు దొరకడానికి చాలా రోజులు పట్టింది. దొరికాక, పిలిచి మరీ చెప్పాను. సాయంత్రం కూరగాయలకి వెళ్ళినప్పుడు దారి పొడుగునా ఇళ్ళల్లో దీపాలు పెడతారు. ఆ వెలుతురులో కిటికీలు చూసుకుంటూ నడుస్తాను. ఆ నీలం పూలది నాది. ఆ మేడ మీద గళ్ళది నాది. లోపల ఎవరో తింటుంటారు, ఎవరో పోట్లాడుకుంటుంటారు, ఎవరో పసిపిల్లని నిద్రపుచ్చుతుంటారు, వాళ్ళందరికీ అడ్డంగా నా కుట్టు నిలబడి ఉంటుంది. వాళ్ళకి నేనెవరో తెలియదు. అదే నాకిష్టం. ఆ పిల్ల నా చేతి మీద చెయ్యి వేసింది.

ఇలా మేమిద్దరం సంతోషంగా ఉన్న రోజుల్లోనే పళ్ళ డాక్టరమ్మ కర్టెన్ల గొడవ వచ్చింది. మా ఆయన కొలుచుకొచ్చిన కొలతకి నేను కుట్టి ఇచ్చాను. తీరా తగిలిస్తే కిటికీకి జానెడు పొట్టి. ఆవిడ సంచీలో కుక్కుకుని వచ్చి బల్ల మీద పడేసింది. మా ఆయన ఓసారి నీళ్ళు నమిలి, "లోపల కోతలో ఏదో..." అని నసిగారు. ఆ నసుగు నాకు అలవాటే. అది నన్ను పిలవడం. "నాదేనండీ పొరపాటు, కోతలో పోయింది, రేపటికి అతుకు వేసి ఇస్తాను" అని లోపల్నుంచే అన్నాను. డాక్టరమ్మ శాంతించి వెళ్ళిపోయింది. మా ఆయన హాయిగా ఈల వేసుకున్నారు.

"కొలత సార్ తెచ్చిందే కదండీ. మీరు సరిగ్గానే కోశారు. కోసేటప్పుడు టేపు పట్టుకున్నది నేనే. ఎందుకండీ అలా చెప్పారు?" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి.

"కొట్టుకి మొహం ఆయన. మొహానికి మసి అంటితే కొట్టు నడవదు. నేను లోపలి మనిషిని, నాకు అంటితే ఎవరు చూడొచ్చారు?" అన్నాను. అనడమే కాదు, ఏదో జీవితసారం చెప్పినట్టు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ పిల్ల సూదిలో దారం ఎక్కించి "అలాగాండీ" అంది. మళ్ళీ ఎందుకండీ అనలేదు. అర్థమైంది కాబోలు, తెలివైన పిల్ల అని మురిసిపోయాను.

చలి తగ్గాక స్కూలు వాళ్ళే మాకో పెద్ద పని ఇచ్చారు. వాళ్ళ హాల్లో వేదికకి తెర. ముదురు ఎరుపు వెల్వెట్, రెండు సగాలు, మధ్యకి వచ్చి కలిసేలాగా. పని నేర్చుకుంటున్న పిల్ల చెయ్యి కూడా పడాలని టీచరమ్మ షరతు పెట్టింది. ఈ దుకాణాల వ్యవహారమంతా ఆవిడే చూస్తుంది. ఎప్పుడూ పరుగులోనే ఉంటుంది పాపం, చెప్పులు కూడా సరిగా తొడుక్కోదు. పిల్లల పాఠాలు చెప్పుకుంటూనే ఈ తిరుగుడంతా తిరుగుతుంది, దానికేమీ ఇవ్వరట. ఆవిడా ఇంకో రకం లోపలి మనిషే అనిపించేది నాకు.

వెల్వెట్‌తో పని మొదలుపెట్టే ముందు ఆ పిల్లని కళ్ళు మూసుకోమన్నాను. చెయ్యి పట్టుకుని బట్ట మీద పైనుంచి కిందికి నిమిరించాను, తర్వాత కిందినుంచి పైకి. "పిల్లి వీపులా ఉందండీ. ఒకవైపు ఒప్పుకుంటోంది, ఒకవైపు వద్దంటోంది" అంది. అంతకంటే బాగా ఎవరు చెబుతారు? దాన్ని నూగు అంటారు, అన్ని ముక్కలకీ నూగు ఒకే వైపు వాలాలి, ఒకటి తలకిందులైతే అదే బట్ట వేరే రంగులా కనిపిస్తుంది అని చెప్పాను. అందుకే కోసిన ప్రతి ముక్కకీ వెనకవైపు సుద్దతో బాణం గీస్తాం, తల ఎటో తెలియడానికి. అంత బరువు బట్ట ముక్క ముక్కకీ తిరగేసి చూసుకుంటూ కూర్చోలేం, బాణాన్ని నమ్మి వెనకవైపు నుంచి కుట్టుకుపోతాం. మొదటి సగం మేమిద్దరమే కోసి, కుట్టి, స్కూలుకి పంపేశాం. రెండూ పక్కపక్కన పరిచే చోటు మా గదిలో ఎక్కడుంది?

రెండో సగం కోసే రోజు టీచరమ్మ ఫోను పట్టుకుని ఫోటోకి వచ్చింది. దుకాణం యజమాని విద్యార్థినికి పని నేర్పుతున్నట్టు ఒక్క ఫోటో కావాలట, పైవాళ్ళకి పంపడానికి. ముందు గదిలో నేల మీద వెల్వెట్ పరిచి, నేను కత్తెర పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాను. మా ఆయన క్షణంలో చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చారు. "నువ్వు లే, టీ పెట్టు" అన్నారు. టీచరమ్మ "మీరూ ఉండండి" అనబోయింది. "ఆవిడకి ఫోటోలంటే సిగ్గండీ" అన్నారాయన నవ్వుతూ. నాకు సిగ్గని నాకే తెలియదు. కత్తెర ఆయన చేతికిచ్చి వెళ్ళి టీ పెట్టాను. పళ్ళెంతో వచ్చేసరికి ఫోటోలు అయిపోయాయి. ఫోటోతో ఆగలేదు ఆయన, ఉత్సాహంలో ముక్కలన్నీ కోసేసి, అన్నింటికీ బాణాలు కూడా గీసేశారు. "చూశావా, నీకు సగం పని తప్పించాను" అన్నారు. మనసు కాస్త కరిగింది కూడా. ఆ పిల్ల ఓ మూల నిలబడి వెల్వెట్ మీద చేత్తో రాస్తోంది. ఏమిటని అడగబోయాను. ఈలోగా అత్తయ్య దగ్గు వినిపించి లోపలికి పరుగెత్తాను.

తెర తగిలించే రోజు నేనూ హాలుకి వెళ్ళాను. అంత బరువు తెరకి పైన మడతలు సరిచేయడం ఇంకొకరి వల్ల కాదు. కొట్టు తరఫున నేను గుమ్మం దాటి వెళ్ళిన మొదటిసారి అదే. ప్రెస్సు ఆయన, మెకానిక్కు, మందుల షాపు ఆయన, పిల్లలు, వాళ్ళ పంతుళ్ళు అందరూ కుర్చీల్లో ఉన్నారు. పనివాళ్ళు రెండు సగాలూ రాడ్డుకి ఎక్కించారు. టీచరమ్మ తాడు లాగింది. రెండు సగాలూ వచ్చి మధ్యలో కలిశాయి.

ఒక సగం చిక్కటి ఎరుపు. రెండో సగం ఎండకి వెలిసినట్టు పాలిపోయి ఉంది.

ఒక్క చూపులో నాకు తెలిసిపోయింది. బాణాలు తలకిందులుగా గీసి ఉన్నాయి, నేను వాటిని నమ్మి కుట్టుకుంటూ పోయాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ప్రెస్సు ఆయన "సగం కొత్తది, సగం పాతది వేశారేంటండీ?" అని నవ్వాడు. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన తెర వైపు చూసి, పైకప్పు వైపు చూసి, "అంటే... అక్కడ లోపల..." అని నసిగారు. అదే నసుగు. నా నోరు దానంతటదే తెరుచుకుంటోంది. నాదేనండీ పొరపాటు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నాకంటే ముందు ఇంకో గొంతు పలికింది.

"నాదేనండీ పొరపాటు. బాణాలు నేనే తలకిందులుగా గీశాను" అంది ఆ పిల్ల.

చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎంత చక్కగా చెప్పిందో. గొంతు కూడా నాదే. మా ఆయన ఊపిరి వదిలారు. "పోనీలెండి, పిల్లలు కదా, నేర్చుకునే వయసు" అన్నారు దయగా. టీచరమ్మ మొహం పాలిపోయింది. పై కోర్సుకి ఆ పిల్ల పేరు పంపాలా వద్దా అన్నది ఆ వారంలోనే తేలాలి. ఇందరి ముందు ఇలా జరిగాక ఎవరు పంపనిస్తారు?

కానీ నన్ను కోసింది అది కూడా కాదు. ప్రతి కుట్టుకీ ఎందుకండీ అని అడిగిన పిల్ల, తన మీద లేని తప్పు మోయడానికి మాత్రం ఎందుకని అడగలేదు. ఎవరు నేర్పారు? సూది ఎక్కించడం నేర్పాను, నూగు చూడటం నేర్పాను, మడత నేర్పాను. వీటితోపాటు ఇది కూడా నేర్పానా తల్లీ? అన్నింటికంటే ముందు ఇదే వచ్చేసిందా నీకు? నేను గోడకి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నది, నా మొహానికి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నావా?

తెర మడత వదిలేసి వేదిక అంచుకి వచ్చాను. చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"ఆ పిల్ల కాదండీ" అన్నాను. హాల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బాణాలు గీసింది మా ఆయన. చూసుకోకుండా కుట్టింది నేను. పొరపాటు మా ఇద్దరిదీ, ఆ పిల్లకి ఇందులో ఏ సంబంధమూ లేదు. బట్ట పాడవలేదు. ఆ సగం పైకుట్టూ కింద అంచూ విప్పి, తలకిందులు చేసి మళ్ళీ కుడితే రెండూ ఒకటే రంగవుతాయి. మేమే చేసిస్తాం." అక్కడితో ఆగిపోవచ్చు. ఆగాలనే అనుకున్నాను. టీచరమ్మ నా వైపే చూస్తోంది. "ఇంకో మాటండీ. కొట్లో కోసేదీ కుట్టేదీ నేనే, ఈ పిల్లకి నేర్పుతున్నదీ నేనే. పని బాగా అబ్బింది. ఆ మాట ఏడాది చివర ఎవరో ఒకరు చెప్పాలన్నారు కదా. నేను చెబుతున్నాను, రాసుకోండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మెకానిక్కు మాత్రం "విప్పితే సరిపోతుందంటే ఇంకేం, ఇంజను బతికినట్టే" అన్నాడు. నలుగురూ నవ్వారు, హాలు తేలికపడింది. టీచరమ్మ గబగబా ఏదో రాసుకుంది. ఆ పిల్ల తల ఎత్తలేదు.

తెర మడతపెడుతున్నప్పుడు నా పక్కకి వచ్చి మెల్లగా అంది. "ఆ రోజే తెలిసిందండీ నాకు. చెయ్యి పెడితే వద్దంటోంది. మీకు చెబుదామనుకున్నాను. మీరు ఆ బాణాల ప్రకారమే కుట్టుకుపోతున్నారు. సార్ పొరపాటని మీకు తెలిసే, ఎప్పటిలాగే ఊరుకున్నారేమో అనుకున్నాను."

వెల్వెట్‌లో మొహం దాచుకున్నాను కాసేపు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన ఆ పాలిపోయిన సగం భుజాన వేసుకుని నాలుగడుగులు ముందు నడిచారు. గుమ్మంలోకి వచ్చాక ఆగారు. కోపం కంటే దెబ్బ తిన్నట్టున్నారు. "అదేదో ఇంటికొచ్చాక నాకు చెబితే సరిపోయేది కదా. పదిమందిలో..." అన్నారు.

"ఇంటికొచ్చాక మీకు చెబుదును. ఆ పిల్ల పేరు మాత్రం అక్కడే ఉండిపోయేది, మసి పట్టుకుని" అన్నాను. ఆయన ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. గోడ మీద "శిక్షణ భాగస్వామి" ఫ్రేము కింద ఆయన చిన్నబోయిన మొహం చూస్తే జాలి వేసింది. ఆయన్ని ప్రేమించడం మానలేదు నేను. ఆయన వెనక దాక్కోవడం మానేద్దామనుకున్నాను, అంతే. ఆ రెండూ ఒకటి కాదని తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది.

వెనక గదిలోకి వెళ్ళి మిషను చివర పట్టుకుని లాగాను. పాత ఇనప కాళ్ళు, కదిలితేనా? ఆ చప్పుడుకి అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చింది. ఏమంటుందో అని ఆగాను.

"తిప్పేస్తున్నావా?" అంది.

"అవునత్తయ్యా."

ఆవిడ వచ్చి మిషను బల్ల మీద అరచెయ్యి వేసి, ఏదో పాత చుట్టాన్ని పలకరించినట్టు నిమిరింది. "అటు పెట్టింది నీకోసం కాదే. నాకోసం. నేను కుట్టేదాన్ని, నువ్వు రాకముందు. నీకు తెలుసనుకున్నాను. నువ్వు తిప్పబోయిన రోజు, తిప్పనివ్వండి అందామని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు" అంది.

ఒకరి తర్వాత ఒకరం ఒకే గోడతో మాట్లాడాం. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆవిడ చీర చెంగుతో నా కళ్ళు తుడిచి, వంగలేక వంగి మిషను కాలు పట్టుకుంది. "వద్దత్తయ్యా, నడుము" అంటుండగానే మా ఆయన గుమ్మంలో కనిపించారు. తల్లిని చూశారు, నన్ను చూశారు. వాళ్ళమ్మని మెల్లగా పక్కకి జరిపి, బరువున్న వైపు తను పట్టుకున్నారు.

తిప్పాక, నేల మీద దించిన వెల్వెట్ దగ్గర ఆయన గొంతుక్కూర్చున్నారు. "ఎటు వాలాలి ఇది?" అన్నారు, నా వైపు చూడకుండా. ఆయన చెయ్యి తీసుకుని బట్ట మీద పెట్టి నిమిరించాను. "ఓహో" అన్నారు చిన్నపిల్లాడిలా. ఇంకోసారి నిమిరారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చే వేళకి నేను మిషను ముందు ఉన్నాను. ఇప్పుడు నాకు ఎదురుగా కొట్టు, కొట్టు తలుపు, దాని అవతల వీధి. సైకిళ్ళు పోతున్నాయి. వెలుతురు నా చేతుల మీద పడుతోంది. ఆ పిల్ల వీధి మలుపు దగ్గర కనిపించినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను.

లోపలికి వచ్చింది. గది చూసింది. మిషను చూసింది. సంచి దించి, పీట లాక్కుని కూర్చుని, పాలిపోయిన సగం ఒళ్ళోకి తీసుకుని కింద అంచు విప్పడం మొదలుపెట్టింది. కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తెంపుతోంది. నేను దారం తీస్తున్నట్టు నటిస్తూ ఎదురుచూస్తున్నాను. అడగదేం? నిన్నటితో ఆ మాట కూడా మింగేసిందా? నా దగ్గర నేర్చుకున్నది అంత తొందరగా పోదేమో. కోర్సుకి పేరు పంపుతున్నామని టీచరమ్మ పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళింది, కానీ ఆ ప్రశ్న లేకుండా వెళుతుందా ఈ పిల్ల అక్కడికి?

అంచు సగం దాకా విప్పి తల ఎత్తింది.

"మేడమ్, మిషను ఇటు ఎందుకండీ తిప్పారు?"

నాకు ప్రాణం లేచొచ్చింది.

"చెబుతాను" అన్నాను. "పీట ఇలా దగ్గరికి జరుపుకో. మొదట్నుంచీ చెబుతాను."